విమానం గంట, ప్రయాణం ఎంత?



"విమానంలో గంటే కదమ్మా, ఇదిగో వచ్చేస్తున్నా" అని హైదరాబాదు నుండి కుమారుడు ఫోనులో చెబుతాడు. రేపల్లెలో తండ్రి మంచం మీద ఉన్నాడు. తల్లి గడియారం చూస్తూ కూర్చుంటుంది. గంట గడుస్తుంది, మూడు గంటలు గడుస్తాయి. వచ్చిన బంధువులు తలో మాట అంటారు. కుమారుడు అబద్ధమాడలేదు. ఆ గంటలో ఏమేమి చేరవో ఎవరూ లెక్కించలేదు, అంతే.

మొదట దూరం సంగతి చూద్దాం. శంషాబాదు నుండి గన్నవరానికి భూపటం మీద సూటిగా కొలిస్తే సుమారు 265 కిలోమీటర్లు. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానం పైకి చేరాక గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన అరగంట చాలాలి. అయినా టిక్కెట్టు మీద ఇంచుమించు గంట ఉంటుంది. ఎందుకంటే విమానం నిలిచిన చోటు నుండి కదిలింది మొదలు అవతల ఆగేవరకు లెక్కిస్తారు. రన్‌వే దాకా నేలమీద మెల్లగా వెళ్ళాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. దిగడానికి వంతు రాకపోతే ఆకాశంలోనే చుట్టు తిరగాలి.

స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు మారుమూల దీవులున్నాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లే! 1967లో మొదలైన ఆ సర్వీసుకు కేటాయించిన సమయం 2 నిమిషాలు. గాలి అనుకూలించి 53 సెకన్లలో చేరిన రోజూ ఉంది. ప్రపంచంలో వేళ ప్రకారం నడిచే విమాన ప్రయాణాలలో అదే అతి చిన్నది. అక్కడ దారికి సముద్రం అడ్డు.

మనకు కృష్ణానది అడ్డు. గన్నవరం రేపల్లెకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. పక్షి ఎగిరివెళితే 57 కిలోమీటర్లు. తెనాలి, విజయవాడల మీదుగా మనం వెళితే 90కి దగ్గరవుతుంది. పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ వైపు నుండి పోయే దారీ ఉంది. ఎటు వెళ్ళినా రెండున్నర గంటలు చేతిలో ఉంచుకోవాలి. బాపట్ల వారికీ అంతే. తెనాలి వారికి గంటన్నర.

ఇప్పుడు ఆ కుమారుని ప్రయాణం కూడి చూడండి. ఇంటి నుండి శంషాబాదుకు గంటన్నర, అక్కడ ముందుగా ఉండవలసిన రెండు గంటలు, విమానంలో గంట, సామాను తీసుకొని బయటపడడానికి అరగంట, గన్నవరం నుండి రేపల్లెకు రెండున్నర గంటలు. మొత్తం ఏడున్నర గంటలు! వెంటనే కారెక్కినా ఇంచుమించు అదే వేళకు చేరేవాడు.

కాబట్టి తొందర పనిమీద వచ్చే బిడ్డను "విమానం ఎన్నింటికి?" అని అడగకండి, "గడపలోకి ఎన్నింటికి వస్తావు?" అని అడగండి. మీరే వెళ్ళవలసి వస్తే, ఉదయం 9 గంటల విమానానికి రేపల్లెలో 4.30కే బయలుదేరండి. సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు.

బిడ్డ ఆలస్యంగా వచ్చినా, ముందు మంచినీళ్ళివ్వండి. తండ్రి దగ్గర కూర్చోనివ్వండి. ఆలస్యం సంగతి మరునాడు మాట్లాడుకోవచ్చు.