స్టీరింగు తిప్పడం వస్తే సరిపోదు, బండి లోపలి స్విచ్చులు కూడా మనోళ్లకు నేర్పాలి

పోస్టు పొడుగ్గా ఉంది. బండి నడిపేవాళ్లు, ఇంట్లో డ్రైవరు ఉన్నవాళ్లు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

మేము బేతంచెర్ల చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నవాళ్లం. మా దిక్కు పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన మగపిల్లలకు కనపడే దార్లు తక్కువ. నాపరాళ్ల గని, పాలిష్ ఫ్యాక్టరీ, అమ్మానాయనతో సుగ్గికి పోవడం, లేదంటే డ్రైవరు పని. వీటిల్లో డ్రైవరు పనికే కాస్త గౌరవం. దుమ్ము తక్కువ, నెలకు జీతం వస్తుంది, ఊర్లు చూడొచ్చు. అందుకే ఇప్పుడు ప్రతి తండాలో కర్నూలుకో, హైదరాబాదుకో, బెంగళూరుకో డ్రైవరుగా పోయిన పిల్లోళ్లు ఉన్నారు.

చట్టం కూడా ఈ దారిని సులువు చేసింది. రవాణా బండి నడపాలంటే 8వ తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. 7,500 కిలోల లోపు బండికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలు, ట్రాన్స్‌పోర్టు అని వేరే రాయించుకోనక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఈ రెండూ మన పిల్లలకు మేలు చేసేవే. ఎవరూ వద్దనరు. కానీ బండి తలుపు తెరిచి సీట్లో కూర్చోబెట్టినారు తప్ప, ఎదురుగా ఉన్న బటన్లు ఏంటివో చెప్పే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

మేము చెప్పాలనుకున్నది ఇదే. స్టీరింగు, క్లచ్చు, గేరు వస్తే డ్రైవరు అయిపోయినట్టే అని మన తండాల్లో ఒక లెక్క ఉంది. ఆ లెక్క మారాలి. మిగతా స్విచ్చులు, లీవర్లు, గుర్తులు షోకుకు పెట్టినవి కావు. వాటి సంగతి తెలీక ప్రాణాలు పోతున్నాయి. వాటిని నేర్పే పని చదువుకుంటున్న మనమే ముందు పట్టుకోవాలి.

మనోళ్లు బండి నేర్చుకునేది ఎట్లా? మొదట ట్రాక్టరు. తర్వాత మామదో చిన్నాయనదో బొలేరోలో పక్కన కూర్చొని, ఖాళీ రోడ్డు మీద నాలుగు దినాలు తిప్పి. నేర్పేవానికి ఎంత తెలుసో నేర్చుకునేవానికి అంతే వస్తుంది. బండితో వచ్చిన పుస్తకం కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం డ్రైవింగు టెస్టులో ఏమేం చూడాలో వరుసగా చెప్తుంది. ఆ వరుసలో మొట్టమొదటిది వెనక చూసే అద్దం సరిచేసుకోవడం. రెండోది ఇంజను స్టార్టు చేసే ముందు జాగ్రత్తలు. బండి కదిలించడం ఆ తర్వాతే. మనం మాత్రం యాక్సిలేటరు దగ్గర మొదలుపెడుతున్నాం.

ముందు పిల్లల సంగతి చెప్తాం. 2025 ఏప్రిల్ 14న చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆగి ఉన్న కారులో ఇద్దరు చిన్నపిల్లలు ఊపిరాడక చనిపోయారు. నెల దాటగానే మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ కారెక్కి, డోర్లు పడిపోయి, బయటికి రాలేక చనిపోయారు. నడుస్తున్న బండి కాదు. ఇంటి దగ్గర ఆగి ఉన్న బండి. తండాకు కారు వస్తే పిల్లలు దాని చుట్టూ చేరతారు, అది మనందరికీ తెలుసు. ఎండలో అద్దాలు మూసిన కారు కొద్దిసేపట్లోనే పొయ్యి అవుతుంది. పసిపిల్లల ఒళ్లు పెద్దోళ్ల కంటే తొందరగా వేడెక్కుతుంది.

ఇక్కడ రెండు లాకులు అర్థం చేసుకోవాలి. సెంట్రల్ లాకు అన్ని డోర్లకూ ఒకేసారి పడేది. చైల్డ్ లాకు వెనక డోర్లకు మాత్రమే ఉంటుంది, డోరు తెరిస్తే అంచున చిన్న మీటలా కనపడుతుంది. అది వేసి ఉంటే లోపలి నుంచి వెనక డోరు ఎంత గుంజినా రాదు, బయట నుంచి మాత్రం వస్తుంది. అందుకని బండి దిగినప్పుడల్లా లోపల ఎవరూ లేరని వెనక సీటు దాకా చూసి లాకు చేయాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. పిల్లలకు కూడా ఒక మాట నేర్పాలి. ఎప్పుడైనా లోపల ఇరుక్కుంటే ముందు సీట్లోకి దూకి డోరు హ్యాండిలు గుంజాలి, రాకపోతే మళ్లీ గుంజాలి, ఆగకుండా హారను కొట్టాలి. చాలా కార్లల్లో తాళంచెవి లేకున్నా హారను మోగుతుంది.

రెండోది బెల్టు. పోలీసు కనపడితే భుజం మీద వేసుకునే పట్టీ అన్నట్టు చూస్తాం. బీప్ శబ్దం రాకుండా ఉత్త క్లిప్పు కొని గుచ్చేవాళ్లు, బెల్టును వీపు వెనక నుంచి తగిలించేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది. వాళ్లల్లో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది ప్రయాణికులు. అంటే సగానికి సగం మంది బండి నడపనివాళ్లే. అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర చనిపోయిన సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారు. అంత ఖరీదైన కారు కూడా బెల్టు లేని మనిషిని కాపాడలేదు.

బెల్టు కింది పట్టీ కడుపు మీద కాకుండా తొంటి ఎముకల మీద ఉండాలి. కాన్పు కోసం కర్నూలుకో నంద్యాలకో తీసుకపోయే అక్కలకు పొట్ట కిందుగా వేయాలి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి రావాలి. ఎయిర్‌బ్యాగు ఉంది కదా అని బెల్టు మానేయకూడదు. అది కన్ను రెప్ప వేసేలోగా గుద్దినట్టు విచ్చుకుంటుంది. బెల్టు పట్టి ఉంచిన మనిషికే అది మెత్త. ముందుకు పడిపోతున్న మనిషికీ, ముందు సీట్లో తల్లి ఒళ్లో కూర్చున్న బిడ్డకూ అదే దెబ్బ. పిల్లల జాగా ఎప్పుడూ వెనక సీటే.

మూడోది లైట్లు. మా రోడ్ల మీద రాత్రిపూట నాపరాళ్ల ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి, గొర్రెల మందలు అడ్డమొస్తాయి. ఎదురుగా బండి వచ్చినప్పుడు డిమ్ చేయకపోతే బైకు మీద వచ్చేవానికి కాసేపు ఏమీ కనపడదు. ఆ బైకు మీద గని నుంచి తిరిగొస్తున్న మన నాయనే ఉండొచ్చు. మీటరు బోర్డులో నీలం గుర్తు వెలుగుతుంటే బ్రైటు ఆన్‌లో ఉందని అర్థం. చాలామంది డ్రైవర్లకు ఆ నీలం గుర్తు ఎందుకో తెలీదు.

నాలుగు ఇండికేటర్లు ఒకేసారి కొట్టే ఎర్ర త్రికోణం బటను సంగతి ఇంకా అన్యాయం. నేరుగా పోతున్నా అని చెప్పడానికి జంక్షన్లో అది వేస్తారు. పక్క రోడ్డు నుంచి వచ్చేవానికి బండికి ఒక పక్కే కనపడుతుంది, ఒక ఇండికేటరే కనపడుతుంది, అటు తిరుగుతున్నారు అనుకొని ముందుకొస్తాడు. వానలో వేసుకొని నడిపితే మలుపు తిరిగేటప్పుడు సైగ చూపించే దారే ఉండదు. బండి చెడిపోయి రోడ్డు పక్కన ఆగితే వేయాల్సిన బటను అది. అప్పుడు మాత్రం కొమ్మ విరిచి, రాయి పెట్టి ఊరుకుంటారు.

నాలుగోది డీజిలు మిగిల్చే తెలివి. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ వేసేవాళ్లు ఉన్నారు, ఏకంగా ఇంజను ఆపేవాళ్లూ ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే బూస్టరు రెండు మూడు సార్లు తొక్కేసరికి ఖాళీ అవుతుంది, పెడలు రాయి అయిపోతుంది. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. తాళంచెవి తీస్తే స్టీరింగు లాకే పడొచ్చు. దిగుడులో గేరు ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఏబీఎస్ ఉన్న బండిలో అర్జెంటు బ్రేకు వేస్తే పాదం కింద టకటకమని కొడుతుంది. భయపడి కాలు తీయకూడదు. గట్టిగా తొక్కే ఉంచి స్టీరింగు తిప్పుకోవాలి. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పక చాలామంది కాలు తీస్తారు.

ఐదోది ఏసీ. ఇది చెప్పేటప్పుడు మాకు కోపం కూడా వస్తుంది. ఓనరు పెళ్లి ఇంట్లో పడుకుంటాడు, డ్రైవరు బయట బండిలో పడుకుంటాడు. ఉక్కపోత, దోమలు. ఇంజను ఆన్ చేసి, అద్దాలు మూసి, ఏసీ వేసి పడుకుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి రావచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. షెడ్డులో, గోడల మధ్య అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకని ఇంజను ఆపి, అద్దాలు దించి పడుకోవాలి. డ్రైవరుకు పడుకోను ఒక చాప, ఒక ఫ్యాను అడగడం కూడా మనోళ్లు నేర్చుకోవాలి. అది భిక్షం కాదు, పొద్దున మళ్లీ ఆ ఓనరు కుటుంబాన్నే కూర్చోబెట్టుకొని నడపాలి కదా.

ఏసీ పక్కనే బాణం గుండ్రంగా తిరిగిన గుర్తు ఉంటుంది. అది నొక్కితే లోపలి గాలే తిరుగుతుంది. రాళ్ల లారీ వెనక దుమ్ములో పోయేటప్పుడు పనికొస్తుంది. దుమ్ము దాటినాక తీసేయాలి, లేకుంటే దూరం ప్రయాణంలో నిద్రమత్తు వస్తుంది. వానలో అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపొద్దు. బయటి గాలి పెట్టి, ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పితే చాలు.

ఇంగ్లీషు రాదు కాబట్టి ఇవన్నీ మనోళ్లకు అర్థం కావు అనేవాళ్లకు ఒక మాట. ఈ గుర్తులు ఇంగ్లీషు కాదు, బొమ్మలు. ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రపంచమంతా దాదాపు ఒకే బొమ్మలు వాడతారు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజనాయిలు ఒత్తిడి పడిపోయిందని, బండి ఆపి ఇంజను కట్టేయాలని అర్థం. నీళ్లల్లో థర్మామీటరు బొమ్మ ఎర్రగా ఉంటే ఇంజను కాగిపోతోందని. అప్పుడు రేడియేటరు మూత వెంటనే తిప్పితే మొహం కాలుతుంది. రంగు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎర్రది ఆపమని, పసుపుది తొందరగా చూపించమని, పచ్చ, నీలం ఏదో ఆన్‌లో ఉందని. బడికి పోని పెద్దోళ్లకు కూడా గోర్ బోలిలో అర్ధ గంటలో చెప్పొచ్చు. చదువు రాలేదు అనేది ఇక్కడ అడ్డం కాదు. చెప్పేవాళ్లు లేకపోవడమే అడ్డం.

ఇంకొక ప్రశ్న వస్తుందని తెలుసు. సేవాగఢ్ జాతరకు గుత్తి పోవాలన్నా, మద్దిలేటి స్వామి దగ్గరికి పోవాలన్నా సామాన్ల బొలేరోలో నిలబడి పోయే మనకు బెల్టు ముచ్చట ఎందుకు అని. నిజమే. తండాకు బస్సు వచ్చేదుంటే ఎవరూ వేలాడుతూ పోరు. బస్సు అడగడం మానొద్దు, ఆ కొట్లాట వేరే ఉంది. అయితే బస్సు వచ్చేదాకా స్టీరింగు దగ్గర కూర్చునేది మన తమ్ముడే. వెనక ఇరవై మంది ఉన్నప్పుడు ఘాట్‌లో న్యూట్రల్ వేయకూడదని వానికి తెలిస్తే ఆ ఇరవై మందికీ మేలు. తప్పంతా డ్రైవరు మీద తోసేయడానికి మేము ఇది రాయడం లేదు. ప్రమాదం జరిగితే మొదట జైలుకు పోయేది, జీతం పోయేది వానికే. అందుకే వాని చేతిలో ఈ తెలివి ఉండాలంటున్నాం.

ఇప్పుడు చేయాల్సింది. ఒకటి, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి తండాలో ఒక ఆదివారం పూట ఆగి ఉన్న కారు దగ్గర మూడు గంటలు కూర్చుందాం. డీజిలు ఖర్చు లేదు. సీటు, అద్దాలు, బెల్టు, లాకులు, లైట్లు, గుర్తులు, ఏసీ. డ్రైవర్లతో పాటు ఆడోళ్లను, పిల్లలను కూడా పిలుద్దాం, ఎందుకంటే వెనక సీట్లో కూర్చునేది వాళ్లే. రెండు, గిరిజన సంక్షేమ శాఖ, ట్రైకార్ మన పిల్లలకు బండ్లు గానీ డ్రైవింగు శిక్షణ గానీ ఇస్తే, అందులో ఒక దినం పూర్తిగా దీనికే పెట్టమని, తెలుగు బొమ్మల చార్టు ఇవ్వమని అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇద్దాం. మూడు, ఈ గ్రూపులో డ్రైవరు అన్నలు చాలామంది ఉన్నారు. మేము రాసిన దాంట్లో మీ అనుభవంలో వేరేగా ఉన్నది ఏదైనా ఉంటే కింద రాయండి, చార్టులో చేరుస్తాం.

మీ తండాలో ఆదివారం ఆగి ఉండే కారు ఎవరిదో, ఓనరు ఒప్పుకుంటాడో లేదో కనుక్కొని చెప్పండి. చార్టు మేము గీసుకొని వస్తాం.