చూసే చదువు చాలదు, రాసే చదువు కావాలి

మన ఇళ్లలో పిల్లల చదువు ఫోన్లోకి వచ్చి కొన్నేళ్లయింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరి చానెల్లో 'విద్యామృతం', 'విద్యావారధి' పేర్లతో పాఠాలు ప్రసారం చేయించింది. ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపులు పెట్టి పాఠాలు పంపారు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు అందాయి. మరుసటి ఏడాది డిసెంబరులో మరో నాలుగు లక్షలకు పైగా ఇచ్చారు. ఇంత ఖర్చు, ఇంత శ్రమ జరిగాక మనం ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఈ సాధనాలతో మన పిల్లలు ఎంత చూశారన్నది అలా ఉంచితే, ఎంత రాశారు?

జవాబు ఆశాజనకంగా లేదు. ఆ ట్యాబుల్లో ఉన్నది ప్రధానంగా బైజూస్ సంస్థ తయారుచేసిన వీడియో పాఠాలు, వాటి వెంట నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు. ఆ సంస్థే 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తెర చూడటం, వేలితో తాకడం, మార్కు తెలుసుకోవడం - ఈ మూడింటిలో పిల్లవాడు సొంతంగా ఒక వాక్యం రాయవలసిన అవసరమే రాదు. 'అసర్' సంస్థ గ్రామీణ భారతంపై వెలువరించిన 2024 నివేదిక ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 89 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడటం తెలిసినవారిలో అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. పరికరం కొరత తగ్గుతోంది గాని, దానితో చేయించవలసిన పని మాత్రం ఇంకా మొదలు కాలేదన్నమాట.

రాయడం రాకపోతే ఏం నష్టం అని ఎవరైనా అడగవచ్చు. అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలాన్నే తీసుకుందాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే జిల్లా ఇది. హంద్రీ-నీవా పథకం కింద జీడిపల్లి జలాశయం ఈ మండలంలోనే ఉన్నా, జిల్లాలో అధిక భాగం సేద్యం నేటికీ ఆకాశం వైపే చూస్తోంది. వేరుశనగ ఎండితే బీమా కోసం అర్జీ పెట్టాలి. పింఛను ఆగితే, ఉపకార వేతనం రాకపోతే, బ్యాంకు ఖాతాలో తప్పు దొర్లితే కాగితం రాయాలి. తన కష్టం తాను రాయలేనివాడు ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టేవారి కోసం వెతుక్కోవాలి. వారు రాసిందే తన మాట అనుకుని వేలిముద్ర వేయాలి. కరువు సీమలో కలం పట్టలేకపోవడమంటే హక్కును మరొకరి చేతిలో పెట్టడమే.

మన కుటుంబాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. చాలా ఇళ్లలో పిల్లలు మాట్లాడేది దక్కనీ ఉర్దూ. దూదేకుల కుటుంబాల్లోనైతే తెలుగే ఇంటి భాష. మదర్సాలో చదివేది అరబీ అక్షరాలు. బడిలో తెలుగుతో పాటు ఇంగ్లీషు. ఇన్ని లిపుల మధ్య పెరిగిన పిల్లవాడికి ఏ భాషలోనూ పేజీడు సొంతంగా రాసే ధైర్యం రాకుండా పోయే ప్రమాదం ఉంది. ముందు తనకు సులువుగా వచ్చే భాషలో రాయనిచ్చి, తర్వాత బడి భాషలో తిరగరాయిస్తే ఆ ధైర్యం నిలుస్తుంది.

ఇక్కడే ఆన్‌లైన్ తరగతి నిజంగా అక్కరకు వస్తుంది. దానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. పిల్లవాడు నోటుబుక్కులో చేత్తోనే రాస్తాడు. ఆ పేజీని ఫొటో తీసి పంపుతాడు. పంతులుగారు చదివి రెండు మాటలు రాసి తిప్పి పంపుతారు. పిల్లవాడు సరిదిద్ది మళ్లీ పంపుతాడు. గంటసేపు వీడియో చూడటానికి వందల ఎంబీల డేటా ఖర్చవుతుంది. వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటోకు సాధారణంగా ఒక ఎంబీ కూడా పట్టదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పనికి వెళ్లినా, రాత్రి ఆయన వచ్చాక పది నిమిషాల్లో ముగిసే పని ఇది. పనుల కోసం బెంగళూరు వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకైతే, సొంత ఊరి బడితో తెగని దారం కూడా.

అసలు కీలకం ఆ 'తిప్పి పంపడం'లో ఉంది. తాను రాసింది ఒక మనిషి చదువుతాడని తెలిసినప్పుడే పిల్లవాడికి రాయాలనిపిస్తుంది. జవాబు రాని గ్రూపులో ఎన్ని ఫొటోలు పెట్టినా అది హాజరు పట్టీయే అవుతుంది. నలభై మంది రాతలు దిద్దడం ఒక్క ఉపాధ్యాయుడికి భారమే, కాదనలేం. ప్రతి తప్పునూ దిద్దనక్కర్లేదు. ఈ వారం పేరాలు, వచ్చే వారం వాక్యాల ముగింపు అంటూ ఒక్క అంశం చూస్తే చాలు. పిల్లలు ఒకరిది ఒకరు చదివి అభిప్రాయం రాసినా సగం బరువు తగ్గుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రుల సందేహం న్యాయమైనదే. వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. బడి తరఫున నడిపే గూగుల్ క్లాస్‌రూమ్ వంటి చోట నంబరు బయటపడదు, అమ్మాయి సమర్పించిన రాత పంతులుగారికే చేరుతుంది. కాబట్టి బిడ్డను చదువుకు దూరం చేయడం కంటే, సురక్షితమైన ఏర్పాటు చేయమని బడిని అడగడం మేలని మేము భావిస్తున్నాం.

మరో భయం కొత్తది. ఇప్పుడు ఏ వ్యాసమడిగినా యంత్రమే రాసిస్తోంది. 'నీటి విలువ' అని అంశమిస్తే పిల్లవాడు నకలు పంపుతాడు. దానికి బదులు 'జీడిపల్లికి నీళ్లు రాకముందు మన ఊళ్లో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో నానీని అడిగి రాయి' అనండి. 'దూది ఏకే విల్లు ఎలా పనిచేసేదో తాతను అడిగి రాయి' అనండి. ఇంట్లో పెద్దలను అడిగితే తప్ప ఆ జవాబు దొరకదు. చదువురాని నానమ్మ కూడా ఆ పాఠంలో గురువవుతుంది.

బద్ర్ యుద్ధ ఖైదీల్లో పరిహారం చెల్లించలేనివారు మదీనా పిల్లలకు రాయడం నేర్పితే అదే వారి విడుదలకు పరిహారమని మహనీయ ముహమ్మద్ (స) నిర్ణయించినట్లు చరిత్రకారులు చెబుతారు. శత్రువు దగ్గరైనా సరే నేర్చుకోదగ్గ విద్యగా రాతను గౌరవించిన వారసత్వం మనది. చేతిలోని ఫోన్ దగ్గర నేర్చుకోవడానికి వెనకాడటమెందుకు?

బడి యాజమాన్య కమిటీల్లో మన తల్లిదండ్రులూ ఉన్నారు. వచ్చే సమావేశంలో మార్కుల గురించి అడిగినట్లే, 'వారానికి ఎన్ని పేజీలు రాయిస్తున్నారు, ఎవరు చదివి జవాబిస్తున్నారు?' అని కూడా అడగాలి. ఇంట్లో మాత్రం ఆ సమావేశం దాకా ఆగనక్కర్లేదు. ఈ రాత్రే పిల్లవాడి చేత ఒక పేజీ రాయించి, మీరు చదవలేకపోతే అతని చేతే చదివించుకుని వినండి. వినేవారు దొరికిన పిల్లవాడు రేపు మరో పేజీ రాస్తాడు.