ఎదురు మెలిక

చెరుకుపల్లి చుట్టుపక్కల మాగాణుల్లో వరికోత ఇప్పుడు యంత్రం పని. గింజ ట్రాక్టరులోకి పోతుంది, గడ్డి నలిగి వెనక రాలుతుంది. దాన్ని మరో యంత్రం మోపులుగా చుట్టి దారం బిగిస్తుంది. రైతుకు నడుంనొప్పి తగ్గింది, సంతోషం. కానీ ఆ నలిగిన గడ్డి వెంటికి, అంటే గడ్డితాడుకు, పనికిరాదు. వెంటి పేనాలంటే కొడవలితో కోసిన నిలువు గడ్డి ఉండాలి.

ఒకరు కూర్చుని గడ్డి అందిస్తుంటే ఇంకొకరు వంకర కర్రతో మెలి తిప్పుతూ వెనక్కి నడిచేవారు. ఆ వెంటిని వరుసలుగా చుట్టుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పోతే వాకిట్లో పురి లేచేది. ఇంటిల్లిపాది ఏడాది తిండి గడ్డితాడును నమ్ముకుని నిలిచేది! ఎద్దుకు ముకుతాడు, దూడకు తలుగు, బావికి చేంతాడు, మంచానికి నులక, బండికి మోకు. జనుము, గోగు, కొబ్బరిపీచు, ఏది అందితే అది పేనేవారు.

పేనడం చూడ్డానికి తేలిక. రెండు పేటల నారను కాలి బొటనవేలికి తగిలించి, తొడ మీద అరచేత్తో రెండింటినీ ఒకే వైపు దొర్లించాలి. తర్వాత రెంటినీ కలిపి ఎదురువైపు మెలి వేయాలి. పేటలు విడిపోదామని చూసేకొద్దీ తాడు బిగుసుకుంటుంది. కొత్తవాళ్లు తడబడేది అతుకు దగ్గరే. రెండు పేటలకూ ఒకేచోట కొత్త నార చేర్చారో, బరువు పడగానే తాడు అక్కడే జారిపోతుంది. ఒక అతుకు దాటి జానెడు పేనాకే రెండో పేటకు అతుకు వేయాలి. ఈ మాట ఎవరైనా చెప్పగలరు. వేళ్లకు ఎక్కడానికి మాత్రం కొన్ని సాయంత్రాలు కావాలి.

ఈ ఎదురు మెలిక చాలా పాతది. ఫ్రాన్సులోని అబ్రీ దు మరాస్ అనే రాతిగూటిలో దొరికిన తాడు ముక్క గురించి శాస్త్రవేత్తలు 2020లో ప్రకటించారు. దాని పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు. చెట్టు లోపలి బెరడు నారను మూడు పేటలుగా ఒకవైపు తిప్పి, ఎదురువైపు కలిపి పేనారు. పేనింది నియాండర్తల్ మనిషి, 40 వేల ఏళ్లకు పూర్వం. మన అరుగుల మీద నడిచిందీ అదే లెక్క.

మంగళగిరి నేతకు, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతు ఇంట్లో పేనిన తాడుకు అలాంటిది ఎవరడుగుతారు? అందరికీ వచ్చిన పని కాబట్టి ఎవరూ దాన్ని విద్యగా లెక్కవేయలేదు. పిల్లలకు కూర్చోబెట్టి నేర్పిందీ లేదు, పక్కన నిలబడి చూసి పట్టుకునేవారు. పక్కన నిలబడే పని పోయేసరికి పట్టుకోవడమూ పోయింది. నైలాన్‌ను తిట్టుకుని లాభం లేదు. అది నానదు, కుళ్లదు, చవక. పశువు మెడ ఒరుస్తుందన్నదొక్కటే దానిమీద ఫిర్యాదు.

చేతిపని ద్వారానే చదువు సాగాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. ఆయన బాటలో నడిచిన స్వామి సీతారాం వినయాశ్రమం నెలకొల్పిన కావూరు ఈ చెరుకుపల్లి మండలంలోనిదే. ఇక్కడి బడుల్లో వారానికో పూట తాడు పేనడం పెడితే ఖర్చేమీ ఉండదు. పేనడం వచ్చిన తాతలు ఊళ్లో ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు. నారకూ కొదవ లేదు. దొడ్లో ముదిరిపోయిన గోగు కట్టెలను రెండు మూడు వారాలు నీళ్లలో నానవేస్తే నార సులువుగా ఊడివస్తుంది. ఆ వాసనకు మాత్రం హెడ్మాస్టరుగారిని ముందే ఒప్పించుకోవాలి.