కీర్తన పైన ఉన్న చిన్న అక్షరములు



గత వేసవిలో మా సంఘపు పెద్దాయన ఒకరు ప్రభువు సన్నిధికి చేరుకొన్నారు. ఊరంతా ఆయనను కీర్తనల తాత అని పిలిచేవారు. చదివినది మూడవ తరగతి. అయినా పాత కీర్తన ఏది అడిగినా, పుస్తకము తెరవకుండా పల్లవి మొదలు చివరి చరణము వరకు పాడేవారు. సమాధి కూడికలో ఆయన కుమారుడు లేచి, "అయ్యగారూ, మా నాన్న రోజూ తెల్లవారుజామున పాడుకొనే కీర్తన ఒక్కటి పాడించండి" అని అడిగాడు. పుస్తకములో ఆ కీర్తన దొరికింది. మాటలు ఉన్నాయి గాని రాగము ఎవరికీ రాదు. కీబోర్డు వాయించే తమ్ముడు మావైపు చూశాడు. మేము పెద్దలవైపు చూశాము. చివరకు ఆ మాటలను చదివి కూర్చున్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల క్రితము ఆయనే మాతో, "అయ్యగారూ, సాయంత్రాలు పిల్లలను పంపండి. నాకు వచ్చిన నాలుగు పాటలు నేర్పిపోతాను" అన్నారు. "అలాగే తాతగారూ, కోతలు కానివ్వండి" అన్నాము. కోతలు రెండుసార్లు అయినవి. పిల్లలను మేము పంపలేదు. ఇది మా తప్పు. దానిని ఒప్పుకొంటూనే ఈ మాసపు మాటలు వ్రాస్తున్నాము.

పాటలు నడిపించే యౌవనస్థులు మమ్మును తరచు ఒక ప్రశ్న అడుగుతారు: "అయ్యగారూ, ఆరాధన నడిపించడం నేర్చుకోవాలంటే ఏ పుస్తకం కొనాలి?" మొదటి పుస్తకము కొననక్కరలేదు. అది మీ అమ్మగారి బైబిలు ప్రక్కనే ఉన్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీసి చూడండి. అనేక కీర్తనల పైన చిన్న అక్షరములతో రెండు మాటలు ఉంటాయి. ఒకటి రాగము పేరు, మరొకటి తాళము పేరు. మనము సంఖ్య చూస్తాము, పల్లవి చూస్తాము, ఆ రెండు మాటలను దాటిపోతాము. కీర్తన కట్టినవారు పాడబోయేవారికి విడిచిన గురుతులు అవి.

1803లో జన్మించి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారివంటి భక్తులు ఈ దేశపు రాగములలోనే ప్రభువును కీర్తించారు. "రాగాలు మనవి కావు గదా" అని కొందరు విశ్వాసులు సందేహపడతారు. అక్షరములు ఏ మతమువి? ఆ అక్షరములతోనే మన బైబిలు అచ్చయినది. రాగమును గూర్చి కూడ అంతే.

తాళము నేర్చుకొనుటకు వాయిద్యము కూడ అక్కరలేదు, రెండు చేతులు చాలు. ఆది తాళమునకు ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క, తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. రూపకమునకు సాధారణముగా రెండు దెబ్బలు, ఒక విసురు వేస్తారు. ఇది చేతికి వస్తే డోలకు కొట్టే తమ్ముడు పరుగెత్తడు, పాడే అక్కలు వెనుకబడరు. కీబోర్డులో మీట నొక్కితే వచ్చే దరువునకు ప్రతి కీర్తననూ లొంగదీయవలసిన పని ఉండదు.

ఇక రాగము. హార్మోనియము మీద ఒకటవ శృతిని షడ్జమముగా పెట్టుకొని, తెల్ల మెట్లను మాత్రమే వరుసగా వాయించండి. అవి శంకరాభరణ స్వరములు. వాటిలో మధ్యమమును, నిషాదమును విడిచిపెట్టండి. మిగిలిన అయిదు స్వరములే మోహనకు ఆధారము. కీబోర్డు నేర్చిన పిల్లవాడు మేజర్ స్కేలు అనేది, తాత శంకరాభరణం అనేది ఒకే స్వరముల వరుసను. ఇద్దరినీ ఒక బల్ల మీద కూర్చోబెడితే ఒకరినొకరు గుర్తుపడతారు.

రెండవ పుస్తకముగా కర్ణాటక సంగీతపు తొలి పాఠముల పుస్తకము ఒకటి కొనండి. సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు అందులో ఉంటాయి. సాధారణముగా మాయామాళవగౌళలో మొదలుపెట్టే ఈ పాఠములను పురందరదాసు ఏర్పరచాడని చెబుతారు. దినమునకు అరగంట చొప్పున సాధన చేస్తే గొంతు, చెవి రెండూ నిలకడకు వస్తాయి.

అయితే ఒక మాట. రాగము పేరు ఊరి పేరువంటిది. ఊరు చేరవచ్చు గాని, ఫలాని ఇంటి గుమ్మము వరకు తీసికొనిపోవలెనంటే ఆ ఇల్లు తెలిసిన మనిషి కావాలి. ఒకే రాగములో ఎన్నో కీర్తనలు ఉన్నవి, ఒక్కొక్క దాని నడక వేరు. ఆ నడక ఎంతో భాగము కాగితము మీద లేదు, పెద్దల గొంతులలో ఉన్నది. ఆ గొంతు మూగబోయిన దినమున పుస్తకము చేతిలో ఉండి కూడ మనము పాడలేము. మాకు జరిగినది అదే.

దావీదు కాలములో ఏమి జరిగెనో 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయములో చదవండి. ఆసాపు, హేమాను, యెదూతూనుల చేతి క్రింద గానమునందు నేర్పు పొందినవారు 288 మంది. వంతులు వేసినప్పుడు గురువని శిష్యుడని, పెద్దయని పిన్నయని భేదము చూడలేదు. అంటే అక్కడ నేర్పేవారూ ఉన్నారు, నేర్చుకొనేవారూ ఉన్నారు. పాటను అదృష్టమునకు విడిచిపెట్టలేదు.

1761లో జాన్ వెస్లీగారు సంఘముగా పాడుటను గూర్చి ఏడు సూచనలు అచ్చువేయించారు. అందరూ పాడాలి, కాలము తప్పకూడదు, ఇతరుల గొంతు వినబడకుండా అరవకూడదు, అన్నిటికంటె పైగా పాడేటప్పుడు దేవునిమీద గురి ఉండాలి అనేవి వాటిలో కొన్ని. మన చేతిలోని మైకును చూస్తే ఆ అరుపు మాట మనకే చెప్పినట్లున్నది!

మూడవ పుస్తకము మీరే వ్రాయాలి. నూరు పేజీల నోటుపుస్తకము ఒకటి తీసికొనండి. మీ సంఘములో అరువది దాటినవారి ఇంటికి వెళ్లండి. వారు పాడే కీర్తనను ఫోనులో రికార్డు చేయండి. నోటుపుస్తకములో కీర్తన సంఖ్య, రాగము, తాళము, పాడినవారి పేరు, తేదీ, సంఘమంతటికీ అందిన శృతి వ్రాయండి. ఫోను పోతే పాటలు పోకుండ మరొక చోట కూడ దాచండి. వారానికి ఒక్క కీర్తన చాలు, ఏడాదికి ఏబది దాటుతాయి. పాట తీసికొని వచ్చేయక, వారి ప్రక్కన కూర్చుండి మీరూ పాడండి. తప్పు పాడితే వారు దిద్దుతారు. ఆ దిద్దుబాటు ఏ పుస్తకములోను దొరకదు.

కీర్తనల తాత భార్య ఇంకా మన మధ్యనే ఉన్నారు. పోయిన నెల మేము, కీబోర్డు తమ్ముడు కలిసి ఆమె వద్దకు వెళ్లాము. "నాకు పల్లవి, ఒక చరణమే వచ్చును అయ్యగారూ" అని, ఆ కీర్తనను సన్నని గొంతుతో పాడినారు. తమ్ముడు మూడు సాయంత్రములు వెళ్లి నేర్చుకొన్నాడు. మొన్న ఆదివారము సంఘమంతా దానిని పాడింది. మిగిలిన చరణములను ఆ నడకలోనే కూర్చుకొన్నాము. తాత పాడినట్టే ఉన్నదో లేదో చెప్పుటకు ఆయన లేరు.

మీ సంఘములోని తాత ఇంకా ఉన్నారు. కోతలు కానివ్వండి అనకండి. ఈ సాయంత్రమే వెళ్లండి.

గానము ననుగ్రహించిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమెన్.