పది లక్షల కార్డుంది, దారి ఖర్చుల్లేవు

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి,



క్యాన్సర్ గురించి మీకు ఉత్తరాలు రాసేవాళ్లు మామూలుగా మిషన్లు అడుగుతారు, డాక్టర్లను అడుగుతారు, భవనాలు అడుగుతారు. అవన్నీ రావాల్సినవే. మా సెంట్రల్ జైలును కూల్చి ఆ జాగాలో ఇరవై నాలుగు అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన చేసిన రోజునే వరంగల్ ఆ ఆశ పెట్టుకుంది. నేను రాస్తున్నది వాటి సంగతి కాదు. ఒక కీమోకూ ఇంకో కీమోకూ నడుమ రోగి ఇంట్లో గడిపే రోజుల సంగతి, ఆసుపత్రికి పోయి వచ్చే దారి సంగతి. ఈ రెండూ ఏ అధికారి బల్ల మీదా ఫైలుగా లేవు.

ఆరోగ్యశ్రీ లేకపోతే మా జిల్లాల్లో ఎన్ని ఇళ్లు అమ్ముడుపోయేవో నాకు తెలుసు. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం పది లక్షలకు పెంచింది. మంచి పని. కానీ కార్డు ఆపరేషన్‌కు పనికొస్తుంది, కీమోకు పనికొస్తుంది, రేడియేషన్‌కు పనికొస్తుంది. నెలన్నర పాటు పక్కనుండి చూసుకోవడానికి పత్తి చేనులో కూలి మానుకొని వచ్చిన మొగుడికి పనికిరాదు. అతని మధ్యాహ్నం భోజనానికీ పనికిరాదు.

రేడియేషన్‌నే తీసుకోండి. మా దగ్గర 'కరెంటు పెట్టడం' అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగడం మామూలే. మిషన్ కింద పడుకునేది కొన్ని నిమిషాలే. మిగిలిన రోజంతా రోగి ఎక్కడుండాలి? ఏటూరునాగారం అవతలి పల్లె నుంచి వచ్చిన మనిషికి హనుమకొండే వంద కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి హైదరాబాద్ మరో నూట నలభై పైచిలుకు. రోజూ వచ్చి పోయే దూరం కాదు. అద్దె గది తీసుకుంటే రోజు కూలి కంటే గది కిరాయే ఎక్కువ. అందుకే 1955 నుంచి పేదలకు దిక్కుగా ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి కూడా, వైద్యం ఉచితమని తెలిసీ, కొందరు వెళ్లలేకపోతున్నారు. వెళ్లినవాళ్లలో కొందరు నడుమనే ఆపి ఇంటికొస్తున్నారు. రేడియేషన్‌ను సగంలో ఆపితే ఏమవుతుందో మీ శాఖ డాక్టర్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఒకసారి కాజీపేట ప్లాట్‌ఫారం మీద పొద్దుటి బండి కోసం కూర్చున్న తల్లీకొడుకులతో మాట కలిసింది. బట్టల దుకాణం వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరే ఆమె ఆసుపత్రి ఫైలు. అందులో ముక్క పరీక్ష రిపోర్టు, రేషన్ కార్డు జిరాక్సులు నాలుగు, ఆధార్ జిరాక్సులు నాలుగు, చుట్టి రబ్బరు బ్యాండు వేసిన స్కాన్ ఫిల్మ్. ఫిల్మ్ మడత పడొద్దని కొడుకు కవరును నిలువుగానే పట్టుకున్నాడు. "నిన్న పోతె మిషన్ ఖరాబైంది, రేపు రమ్మన్నరు" అన్నాడు. ఏ ఆసుపత్రో నేనడగలేదు, అతను చెప్పలేదు. ఒక్క ఫోన్ వచ్చి ఉంటే ఆ ముందురోజు ప్రయాణం తప్పేది. టికెట్ కొన్నారా అంటే కొన్నామన్నాడు, ఇద్దరికీ పూర్తి డబ్బులు పెట్టి.

చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే రాయితీ ఉంది. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. దానికి కావాల్సింది నిర్ణీత నమూనాలో డాక్టరు సంతకం చేసిన సర్టిఫికెట్. ఆ తల్లికి ఆపరేషన్ అయింది, రెండు కీమోలు అయ్యాయి. ఈ కాగితం ఒకటుందని ఒక్కరూ చెప్పలేదు. రైల్వే మీ శాఖ కాదు, నిజమే. కాగితం మీద సంతకం పెట్టాల్సిన డాక్టరు మీ శాఖవాడే. డిశ్చార్జి షీటుకు పిన్ను కొట్టి ఈ ఫారం కూడా ఇవ్వండని ఒక్క సర్క్యులర్ చాలు.

బస్సుల విషయం వేరు. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు. రోగి ఆడమనిషైతే ఆ మేరకు మేలే. వెంట వెళ్లే మగమనిషికి టికెట్ తప్పదు, రోగి మగవాడైతే అతనికీ తప్పదు. అంతకంటే పెద్ద సమస్య సీటు. కీమో ఎక్కించుకొని తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషి కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో జనగామ దాకా నిలబడి రావడం నేను చూశాను. కండక్టరును తప్పు పట్టలేం. ఆ రోగి ముఖాన క్యాన్సర్ అని రాసి లేదు కదా. ఆసుపత్రి ఇచ్చే ఒక కార్డు, ఆ కార్డుకు బస్సులో రెండు సీట్లు. రవాణా మంత్రి గారితో మీరొక్క మాట మాట్లాడితే తెమిలే పని ఇది.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టే విషయానికి వస్తాను. అది జ్వరం.

కీమో ఎక్కించాక వారం పది రోజులకు రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఒళ్లు వేడెక్కి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరిందంటే అది అత్యవసర పరిస్థితి. గంటలో రక్తపరీక్ష చేసి, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలి. ఇది క్యాన్సర్ డాక్టర్లందరికీ తెలిసిన పాఠమే. మా పల్లెల్లో జరిగేది ఏమిటంటే, రాత్రి జ్వరం రాగానే ఇంట్లోవాళ్లు పారాసిటమాల్ బిళ్ల వేస్తారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీని పిలుస్తారు. ఆయన ఒక సూది వేసి పొద్దున చూద్దామంటాడు. పొద్దున ఆటో మాట్లాడుకొని మండల కేంద్రానికి వస్తారు. అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి. ఎంజీఎం క్యాజువాలిటీలో వానాకాలంలో జ్వరపీడితులు ఎంతమంది ఉంటారో మీరూ చూసే ఉంటారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా వచ్చేది అక్కడికే. ఆ వరుసలో కీమో నడుస్తున్న మనిషి కూడా ఒక జ్వరం కేసే. చీటీ రాయించుకొని కూర్చుంటుంది.

మా బంధువుల్లో ఒక పెద్దమ్మ విషయంలో సరిగ్గా ఇలాగే రాత్రంతా పోయింది. ఆమె బతికింది. వరుసలో తన పక్కన నిలబడినవాళ్లలో ఎందరు బతికారో ఆమెకూ తెలియదు.

దీనికి కొత్త ఆసుపత్రి అక్కర్లేదు. పోస్టుకార్డంత ఎర్ర కార్డు ఒకటి కావాలి. 'ఈ రోగికి కీమో నడుస్తోంది, జ్వరం ఉంటే వరుసలో నిలబెట్టవద్దు' అని తెలుగులో, ఇంగ్లిషులో, ఉర్దూలో రాసి, చివరి కీమో తేదీ వేసి ఇవ్వాలి. ఎంజీఎం క్యాజువాలిటీ మొదలుకొని ప్రతి ఏరియా ఆసుపత్రి దాకా ఆ కార్డు చూపగానే ఏం చేయాలో ఒక పేజీ ఆదేశం గోడకు అంటించాలి. ఊరి ఆశా కార్యకర్తకు తన ఊళ్లో ఎవరికి కీమో నడుస్తోందో చెప్పాలి, ఆమె చేతిలో థర్మామీటర్ ఉండాలి, ఏ అంకె దాటితే 108ను పిలవాలో ఆమెకు నేర్పాలి. రాత్రిపూట ఫోన్ ఎత్తే ఒక నర్సు కావాలి. ఇంతే. దీని ఖర్చు ఒక హోర్డింగు ఖర్చు కూడా కాదు.

ఆ కార్డు వెనక తిండి గురించి నాలుగు ముక్కలు రాయించండి. మనవాళ్లకు పథ్యం పిచ్చి ఎక్కువ. క్యాన్సర్ అనగానే గుడ్డు వేడి చేస్తుందని, మాంసం వద్దని, వంకాయ అసలే వద్దని చుట్టాలంతా తలా ఒకటి చెప్తారు. ఆఖరుకు ఆ మనిషికి మిగిలేది జావ, బ్రెడ్డు, పాలు. గుడ్డు, పప్పు, పెరుగు బాగా తిని కండ నిలబెట్టుకోవాల్సిన రోజుల్లో మనిషి నానాటికీ చిక్కిపోతుంది. నోట్లో పుండ్లు లేస్తే ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించమని చెప్పేవాళ్లు కూడా లేక ఎందరో తిండి మానేస్తారు.

తిండికి డబ్బు కావాలి కాబట్టి పింఛను మాట. క్షయ రోగికి కేంద్రం 2018 నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 ఇచ్చింది, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేసింది. మన రాష్ట్రంలో బోదకాలు బాధితులకు పింఛను ఉంది. 2022లో డయాలసిస్ రోగులను కూడా చేర్చి 2,016 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. క్యాన్సర్ రోగి మాత్రం ఈ వరుసలో లేడు. డయాలసిస్ రోగికి ఇచ్చిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది. పనికి పోలేడు, పదేపదే ఆసుపత్రికి పోక తప్పదు. కేరళలో క్యాన్సర్ రోగులకు పింఛను ఎప్పటినుంచో ఉంది. హర్యానా మూడు, నాలుగు దశల్లో ఉన్న పేద రోగులకు ఇస్తోంది. జీవితాంతం ఇమ్మని నేననడం లేదు, చికిత్స నడిచినంత కాలం ఇవ్వండి.

బస సంగతి. ముంబైలో టాటా మెమోరియల్‌కు వచ్చే పేదలకు దాదర్‌లో సంత్ గాడ్గే మహారాజ్ పేరిట ఉన్న ధర్మశాల దశాబ్దాలుగా నీడనిస్తోంది. గది, నీళ్లు, వండుకోవడానికి ఇంత చోటు. అలాంటిది ఎంఎన్‌జే ఉన్న రెడ్ హిల్స్ చుట్టుపక్కల జిల్లాల పేరుతో ఒకటి, రేపు వరంగల్‌లో చికిత్స పెరిగితే ఎంజీఎంకు దగ్గర్లో ఒకటి. మా ఊళ్లో సత్రాలు కట్టించిన వ్యాపారులకు కొదవ లేదు. అడిగేవాళ్లుంటే ఇస్తారు. మీరు అడగండి. హైదరాబాద్ పెద్దాసుపత్రుల దగ్గర రోగి వెంట ఉన్నవాళ్లకు అయిదు రూపాయల భోజనం 2022లో మొదలైంది. ఎంజీఎం ముందూ ఆ అన్నం రోజూ దొరికేలా చూడండి.

నొప్పి గురించి చెప్పకుండా ముగించలేను. నయం కాదని తేలిన రోగిని 'ఇంటికి తీసుకుపొండి' అనడంతో చాలాచోట్ల వైద్యం ఆగిపోతుంది. నొప్పి ఆగదు. నోటి క్యాన్సర్ ముదిరిన మనిషి రాత్రుళ్లు పడే బాధ ఇంటిల్లిపాదినీ పడుకోనివ్వదు. దానికి మందు మార్ఫిన్ బిళ్ల. ఖరీదైనదీ కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో మందుల దుకాణాలు, ఆసుపత్రులు దాన్ని దగ్గర పెట్టుకోవడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సుగమం చేసింది. పదేళ్లు దాటింది. భయం మాత్రం పోలేదు. ఎంఎన్‌జేలో నొప్పి నివారణ విభాగం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. దాని అనుభవంతో మన రాష్ట్రం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది, మొదటి విడతలోనే వరంగల్ ఉంది. ఇంటికే వెళ్లి చూసే 'ఆలన' బండ్లూ వచ్చాయి. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంకా ఆలోచించని పని మనం చేశాం. ఇప్పుడు కావాల్సింది ఆ బండి ప్రతి మండలానికీ తిరుగుతోందా, ఆ కేంద్రంలో మార్ఫిన్ ఏ రోజూ నిండుకోకుండా ఉందా అని నెలనెలా అడిగే మనిషి. నిల్వ లెక్క ప్రతి నెలా బయట పెట్టండి, పత్రికలే మిగతాది చూసుకుంటాయి.

చివరగా ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మనిషి. ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర ఆరోగ్యశ్రీ కార్డు పని చూస్తారు, అనుమతి తెప్పిస్తారు. రైలు ఫారం, బస, సీఎం సహాయనిధి దరఖాస్తు, ఆపరేషన్ తరువాత పొట్టకు తగిలించుకునే సంచులు, కౌన్సెలింగు, ఇంటి దగ్గర్లో నొప్పి డాక్టరు, ఇవన్నీ ఒకే చోట చెప్పి, ఫోన్ చేసి వాకబు చేసే ఒక్కరు ఎంజీఎంలో కావాలి. ఎంఎన్‌జేలో మిషన్ చెడిపోతే రోగి రైలెక్కకముందే ఫోన్ చేయడం కూడా వాళ్ల పనే కావాలి. దానికి పేరేదైనా పెట్టండి, పేర్లకు మన ప్రభుత్వాల దగ్గర కొరత లేదు. మనిషిని మాత్రం పెట్టండి. క్యాన్సర్ నయమైన మా ఊరి ఆడవాళ్లలో ఈ పనికి జీతం అడగకుండా వచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా జీతమివ్వండి, ఇవ్వకపోతే ఏ పనీ ఆర్నెల్లు దాటదు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. కీమో ఇంటికి దగ్గరవడం గొప్ప ఊరట. కానీ కీమో ఊరి దగ్గరికొస్తే జ్వరం కూడా ఊళ్లోనే వస్తుంది, హైదరాబాద్ డాక్టరు కళ్లముందు రాదు. ఆ కేంద్రాలతో పాటే ఎర్ర కార్డు రావాలి.

పింఛనుకు మంత్రివర్గం ఒప్పుకోవాలి, ధర్మశాలకు స్థలం చూడాలి, వాటికి సమయం పడుతుంది. రైలు ఫారం, ఎర్ర కార్డు, మార్ఫిన్ నిల్వ లెక్క, ఈ మూడింటికి మీ సంతకం ఒక్కటే కావాలి. ఈ వానాకాలం జ్వరాలు మొదలవకముందే ఆ సంతకం పెట్టమని మనవి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక పౌరుడు