బందరు రేవు – చిన్న పడవ

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పిల్లలకు నీరనగానే మొదట తలపునకు వచ్చునది చెరువు. నిండిన శామీర్‌పేట చెరువును కట్టమీద నిలిచి చూచిన బాలునకు అంతకంటె పెద్ద నీరు లోకములో లేదనియే తోచును. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో ఒకసారి మా ఎనిమిదవ తరగతి విద్యార్థులను మచిలీపట్టణమునకు విహారయాత్రకు తీసికొని పోయితిని. మంగినపూడి ఒడ్డున సముద్రమును తొలిసారి చూచిన ఒక బాలుడు చాలసేపు మాటలేక నిలిచి, “సార్, ఈ నీటికి కట్ట ఏది?” అని అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. ప్రక్కనే కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ముదుసలి జాలరి మాత్రము నవ్వలేదు. “కట్ట లేదు బాబూ! ఆవలి ఒడ్డు బర్మా దేశము” అని నెమ్మదిగా చెప్పెను.

ఆనాడు మేము కోటను చూచితిమి. డచ్చివారి సమాధులను చూచితిమి. బందరు లడ్డు తింటిమి. కాని ఇల్లు చేరిన పిదప నా మనస్సున నిలిచినవి ఆ ప్రశ్నయు, ఆ సమాధానమును. రేవు పట్టణమును చూడబోవువారు కోటలను, గోరీలను చూచుటతో తృప్తిపడరాదు. ఆ రేవును బ్రతికించిన చిన్న పడవను, దానిని నడపిన మనుష్యుని తెలిసికొనవలెను. అందుకు తగిన ఏర్పాటు మచిలీపట్టణములో జరుగవలెను. ఇది నా దృఢమైన అభిప్రాయము. దీనికి గల కారణములను చెప్పెదను.

“సముద్రము లేని మనకు బందరుతో సంబంధమేమి?” అని మీరు అడుగవచ్చును. సంబంధము గట్టిదే. ఈ ఊరికి గల బందరు అను పేరు రేవు అని అర్థమిచ్చు పారసీక పదము. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ఇది ముఖ్యమైన ఓడరేవు. 1591లో హైదరాబాదు నగరము వెలసిన పిదప ఈ రెండు ఊళ్ళ నడుమ బాటసారులు, వర్తకులు, ఎడ్లబండ్లు ఎడతెగక నడచుచుండెను. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే గ్రీకు గ్రంథకర్తలు ఈ తీరమును ఎఱిగియుండిరి. ఇక్కడి సన్నని నూలు వస్త్రములను పేర్కొనిరి. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును, 1669లో ఫ్రెంచివారును ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. కలంకారీ అద్దకపు వస్త్రములు పారసీక దేశమునకును, తూర్పు దీవులకును ఎగుమతి యయ్యెను. ఆ అద్దకము సమీపముననున్న పెడనలో నేటికిని సాగుచున్నది.

ఇక్కడ ఒక ముఖ్యవిషయమును గమనింపుడు. బందరు తీరమున సముద్రము లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలకపోయెను. అవి కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేసికొని నిలిచియుండెడివి. మఱి సరకు ఎట్లు చేరెను? చిన్న పడవలు చేర్చెను. వస్త్రముల మూటలు, సుగంధద్రవ్యముల పెట్టెలు, రాయబారులు, యాత్రికులు, అందఱును, అన్నియు ఆ పడవలమీదనే ఓడ ఎక్కవలెను, ఓడ దిగవలెను. తీరవాసులు పోటు ఎప్పుడు వచ్చునో, పాటు ఎప్పుడు తీయునో, ఇసుక మేట ఎక్కడ వేసినదో ఎఱిగినవారు. మన తూర్పుతీరమున పలకలను మేకులతో గాక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టిన పడవలు వాడుకలో నుండెడివి. అల వచ్చి కొట్టినప్పుడు మేకు వేసిన పలక పగులును. త్రాటితో కుట్టిన పలక కొంచెము వంగి, మరల నిలద్రొక్కుకొనును. ఏ పాఠశాలలోను నేర్వని ఆ విద్య ఎంత గొప్పదో ఆలోచింపుడు.

బందరులో డచ్చివారి సమాధులమీద పేర్లు చెక్కబడియున్నవి, వంశచిహ్నములు చెక్కబడియున్నవి. దూరదేశమున మరణించిన వారిని వారి బంధువులు ఆ విధముగా గౌరవించుకొనిరి. అది తప్పు కాదు. కాని ఆ వర్తకులను అలలపై మోసి ఒడ్డు చేర్చిన పడవవాని పేరు ఏ రాతిమీదను నాకు కనబడలేదు. సముద్రము ఆగ్రహించినప్పుడు మొదట మునిగినది వారి గుడిసెలే. 1864 నవంబరు మాసమున వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అయినను మిగిలినవారు మరల వలలు అల్లుకొని కడలిపైకి పోయిరి.

పడవవారిని గౌరవించుట ఎట్లు సాధ్యమని సందేహింప బనిలేదు. ఐరోపా ఖండమున ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున, క్రొయేషియా దేశములో రోవిన్ అను ప్రాచీనమైన చేపలరేవు కలదు. అచ్చటి జాలరుల చిన్న కొయ్యపడవ పేరు బతానా. దాని అడుగు బల్లపరుపుగా నుండును. చేతులు రెండును వలపై నుండుటచే వాద్యములు పట్టుకొనలేక, ఆ జాలరులు వాద్యముల ధ్వనులను నోటితోనే పలుకుచు పాడుకొనెడివారు. ఆ పడవలు మఱుగున పడుచుండగా ఊరివారు మేల్కొని, 2004లో బతానా కొఱకే ఒక ప్రదర్శనశాలను తెరచిరి. పడవ కట్టు పనిని, పాటను, మాటను అన్నింటిని అందులో నిలుపుకొనిరి. 2016లో యునెస్కో సంస్థ ఆ కృషిని ఉత్తమ సంరక్షణ పద్ధతులలో ఒకటిగా గుర్తించినది. విహారనౌకలలో ఆ రేవునకు వచ్చు యాత్రికులు కోవెలతోపాటు చిన్న పడవను గూడ చూచి పోవుదురు. ఆ పని మనము చేయలేమా?

కొందఱు ఇట్లందురు: “జాలరికి కావలసినది ప్రదర్శనశాల కాదు; యంత్రపు పడవ, తుపాను హెచ్చరిక, చేపకు తగిన ధర.” ఈ మాట నిజము. వానిని మరల తెరచాప ఎత్తుమని నేను చెప్పుటలేదు. వానికి కావలసినవన్నియు ముందు సమకూరవలసినదే. కాని కడుపునకు కూడు పెట్టి, వాని విద్యను మఱచుట సగము న్యాయమే యగును. 2023లో మచిలీపట్టణమున క్రొత్త ఓడరేవు నిర్మాణము ప్రారంభమైనది. పెద్ద ఓడలు నేరుగా ఒడ్డునకే వచ్చు దినమున చిన్న పడవ యొక్క అవసరము ఎవరికిని గుర్తుండదు. ముదుసలి జాలరులు జీవించియుండగనే వారి మాటలను, గాలుల పేర్లను, పడవ భాగముల పేర్లను వ్రాసి పెట్టవలెను. అవి మన తెలుగు నిఘంటువునకు గూడ సంపద.

విద్యార్థులారా! ఈ పనికి మీరు బందరు వఱకు పోనక్కఱలేదు. మన శామీర్‌పేట చెరువును నమ్ముకొని బ్రతుకు గంగపుత్రులు, ముదిరాజులు కలరు. ఏ చేప ఏ కాలమున ఏ వైపు తిరుగునో, వలకన్ను ఎంత యుండిన చిన్న పిల్లలు తప్పించుకొని మరల పెరుగునో వారికి తెలియును. ఒక సెలవుదినమున కట్టమీదికి పోయి, వినయముతో అడిగి, విన్నదానిని మీ పుస్తకములో వ్రాసికొనుడు. చెప్పినవారి పేరును మొదట వ్రాయుడు.

సముద్రమునకు కట్ట ఏది అని అడిగిన బాలుని చూచి ఆనాడు పిల్లలు నవ్విరి. నేను నవ్వలేదుగాని వానికి సమాధానము చెప్పలేకపోయితిని. చెప్పినవాడు ఆ జాలరి. ఆయన పేరు అడుగవలెనని నాకు తోచలేదు. పేరు లేని రాళ్ళను గూర్చి ఇంత చెప్పిన నేనును ఆ తప్పే చేసితిని. మీరు చేయకుడు.