రెండు సంపులు, ఒక నుయ్యి

అమెరికా సంపు వేరు, మన సంపు వేరు. అక్కడ బేస్‌మెంటులోకి ఊరే నీళ్ళు ఓ గుంటలో చేరితే, వాటిని బయటికి తోడి పారెయ్యడానికి పంపు పెడతారు. ఇక్కడ కింద దాచుకున్న నీళ్ళని మేడ మీద ట్యాంకుకి ఎక్కించడానికి పెడతాం. ఒకరికి నీళ్ళు పోవాలి, ఇంకొకరికి రావాలి. ఇద్దరినీ ముంచేది మాత్రం ఒకటే... కరెంటు!

2012 అక్టోబరు 29న శాండీ తుఫాను న్యూజెర్సీని తాకినప్పుడు నేనక్కడే ఉన్నాను. కరెంటు పోయింది, పంపు ఆగింది, బేస్‌మెంటులో కార్పెట్ తడిసింది. పంపు అవసరం పడేదీ, కరెంటు పోయేదీ ఒకే రాత్రి అన్న సంగతి అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. మర్నెలలోనే 12 వోల్టుల బ్యాటరీతో నడిచే రెండో పంపు బిగించేశాను. మహా తెలివైనవాణ్ణని మురిసిపోయాను కూడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. నర్సీపట్నంలో అమ్మానాన్నలకి ఫోను కలిసేసరికి మూడో రోజు.

"కరెంటు లేదురా. సంపు నిండానే ఉంది, పైన ట్యాంకు ఖాళీ. మూత తీసి బకెట్‌కి తాడు కట్టి తోడుతున్నా" అన్నారు నాన్న. కాసేపాగి, "నుయ్యి ఉంటే బాగుండేది" అన్నారు.

ఆ నుయ్యి పూడ్పించింది నేనే. బోరు వేశాం, సంపు కట్టాం, ఇంక నుయ్యెందుకు, కారు పెట్టుకోడానికి చోటొస్తుంది అని ఆయన్ని ఒప్పించాను. మన భాషలో చెప్పాలంటే, నడుస్తున్న డిజాస్టర్ రికవరీ సైటుని నేనే ఎత్తేశాను. నా కార్పెట్‌కి బ్యాకప్ ఉంది, డెబ్భై దాటిన మా నాన్న నడుముకి లేదు.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా?" అంటారేమో. ఉంది, ఫ్యానుకీ లైట్లకీ. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడే సుమారు వెయ్యి వాట్లు లాగుతుంది, స్టార్టింగులో కరెంటు దానికి అయిదారు రెట్లు. 800 వీఏ ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కుయ్యోమంటుంది. అందుకే చాలామంది పెద్ద ఇన్వర్టర్ కొనాలేమో అనుకుని వదిలేస్తారు.

కానీ లెక్క వేసి చూడండి. వెయ్యి లీటర్లని పది మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి కావలసిన శక్తి 27 వాట్-అవర్లే! పంపు ముప్పాతిక వంతు వృథా చేసినా 110 దాటదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 ఉంటాయి. సగమే వాడినా ఎనిమిది వేల లీటర్లు పైకెక్కుతాయి. అంటే ఇబ్బంది శక్తితో కాదు, ఆ మొదటి కుదుపుతో. చిన్న డీసీ పంపు నెమ్మదిగా ఎక్కిస్తుంది, ఆ కుదుపుండదు. ఇన్వర్టర్‌తో దానికి పనే లేదు.

ఇండియాకి తిరిగొచ్చాక అదే పెట్టించాను. ఒక్క తేడా. అక్కడ నీళ్ళు పెరిగితే ఫ్లోట్ స్విచ్ పంపుని ఆన్ చెయ్యాలి, ఇక్కడ నీళ్ళు తగ్గితే ఆఫ్ చెయ్యాలి. లేకపోతే పంపు నీళ్ళు లేకుండా తిరిగి కాలిపోతుంది.

నెలకోసారి నాన్న మెయిన్ ఆపేసి బ్యాటరీ పంపు వేసి చూస్తారు. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! ఆఫీసులో సర్వర్లకి రెండేసి కరెంటు లైన్లు అడిగే మనం, ఊళ్ళో అమ్మానాన్నలకి నీళ్ళెలా ఎక్కుతాయో ఎప్పుడైనా అడిగామా? ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు అడగండి. ఇంట్లో నుయ్యి ఇంకా ఉంటే మాత్రం దాని జోలికి పోకండి. పంపు ఎలాగోలా పెట్టించాను గానీ, ఆ నుయ్యిని మళ్ళీ తవ్వించలేకపోయాను.